ఆకాశంలో గతుకులు

తృతీయ బి.యస్సీ. విద్యార్థి (గణితం, భౌతికం, రసాయనం)

మన జిల్లాల్లో ఇవాళ విమానం ఎక్కినవాళ్ళు లేని ఊరు దాదాపు లేదు. గల్ఫు దేశాలకు పనికి పోయేవాళ్ళున్నారు. పై చదువులకు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే మన కాలేజీ సీనియర్లున్నారు. కూతుళ్ళకూ కోడళ్ళకూ పురుళ్ళు పోయడానికి వెళ్ళే తల్లులున్నారు. వీళ్ళంతా పది, పదిహేను గంటలు ఏకబిగిన గాలిలో కూర్చుని ప్రయాణం చేస్తున్నారు. తిరిగి వచ్చాక చెప్పే కబుర్లలో ఒకటి మాత్రం తప్పకుండా ఉంటుంది: "నడి సముద్రం మీద విమానం ఉన్నట్టుండి గోతిలో పడ్డట్టయింది. పై ప్రాణాలు పైనే పోయాయి!"

ఆ కబురు విన్నవాళ్ళు అడిగే ప్రశ్న కూడా ఒకటే. ఏ విమానం ఎక్కితే కుదుపు తక్కువ? "పెద్దదాంట్లో వెళ్ళండి, దానికేమీ తెలియదు" అని పక్కనున్న పెద్దమనిషి ఎవరో వెంటనే జవాబు చెప్పేస్తారు. ఈ జవాబులో నిజమెంతో, మన డిగ్రీ స్థాయి భౌతికశాస్త్రంతోనే తూచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

నా మట్టుకు ఇది మార్కుల కోసం చదివిన పాఠం కాదు. మా అక్క అమెరికాలో ఉంది. ఈ ఏడు ఆమెకు పురుడు. రైలు కూడా నాలుగైదుసార్లకు మించి ఎక్కని మా అమ్మ, గల్ఫులో విమానం మారి పదిహేను గంటలు ఒంటరిగా వెళ్ళాలి. "ఏరా, సైన్సు చదువుతున్నావుగా, కుదపని విమానమేదో చూసి చెప్పరాదూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదివినదంతా ఇక్కడ మిత్రుల ముందు పెడుతున్నాను.

గతుకు ఎలా పుడుతుంది?

కాలవ నిండుగా, నిదానంగా పారుతున్నచోట గడ్డిపరక వేస్తే సూటిగా పోతుంది. అదే పరకను తూము దగ్గరో, లాకుల కిందో వేస్తే గింగిరాలు తిరుగుతుంది. మొదటిది స్తరీయ ప్రవాహం, రెండోది సంక్షుబ్ధ ప్రవాహం. గాలి కూడా నీటిలాగే ప్రవహించే పదార్థం. విమానం వాళ్ళు టర్బులెన్సు అనేది గాలిలోని ఈ సంక్షుబ్ధ ప్రవాహాన్నే.

దూరప్రయాణంలో దీనికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి.

మొదటిది వేడి. మే నెల మధ్యాహ్నం దుక్కి దున్నిన చేలో సుడిగాలి లేవడం మనందరం చూసిందే. వేడెక్కిన నేల తనపైనున్న గాలిని పైకి తోస్తుంది. ఇదే పని తేమతో కలిసి పెద్దయెత్తున జరిగితే ఉరుముల మేఘం తయారవుతుంది. మన ఉష్ణమండలంలో ఈ మేఘాలు 15, 16 కిలోమీటర్ల ఎత్తుకు కూడా పెరుగుతాయి. జెట్టు విమానాలు తిరిగేది 9 నుంచి 12 కిలోమీటర్ల మధ్యన. అంచేత అలాంటి మేఘాన్ని దాటిపోవాలంటే పక్కనుంచి చుట్టి పోవాలే గాని పైనుంచి పోవడం కుదరదు.

రెండోది జెట్ స్ట్రీం. ఇది ఆకాశంలో పారే గాలి నది. వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటిన సందర్భాలు కూడా ఉంటాయి. నది నడుమ నీరు వడిగా, గట్టు పక్కన నెమ్మదిగా పారుతున్నప్పుడు ఆ రెంటి మధ్యా సుడులు పుట్టినట్టే, జెట్ స్ట్రీం అంచుల్లోనూ పుడతాయి. అక్కడ మేఘం ఉండదు, ఆకాశం నీలంగా, నిర్మలంగా ఉంటుంది. అందుకే దీన్ని నిర్మలాకాశపు టర్బులెన్సు అంటారు. వర్షాకాలంలో మన దక్షిణ భారతదేశం పైన కూడా ఒక జెట్ స్ట్రీం తూర్పునుంచి పడమటికి వీస్తుంది. దాన్ని గురించి 1958లో ప్రసిద్ధమైన పరిశోధన ప్రకటించినవారు, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పి. కోటేశ్వరం గారు.

మూడోది కొండలు. ఏట్లో బండరాయి మీదుగా పారిన నీరు ఆవలి పక్క అలలు అలలుగా లేచినట్టు, పర్వతాన్ని దాటిన గాలి కూడా లేస్తుంది. 1966 మార్చి 5న జపానులో ఫ్యూజీ పర్వతం దగ్గర ఒక బోయింగ్ 707 ఇలాంటి గాలిలో చిక్కుకుని ముక్కలైపోయింది. అందులోని 124 మందీ మరణించారు. గాలి కుదుపును విమాన నిర్మాతలు ఎంత గట్టిగా లెక్కలోకి తీసుకోవాలో ఆ దుర్ఘటన చెప్పింది.

ఇంకొకమాట. "గాలి గొయ్యి" అనేది నిజానికి లేదు. ఆకాశంలో గాలి లేని చోటు ఎక్కడా ఉండదు. కిందికి దిగే గాలిలోకి విమానం ప్రవేశిస్తే, దానితోపాటు తానూ దిగుతుంది. అంతే.

తూర్పారబట్టే సూత్రం

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టడం మనలో చాలామంది చూసే ఉంటారు. ఎత్తు మీద నిలబడి చేటతో వదిలితే గట్టి గింజ నిటారుగా కింద పడుతుంది. తాలు గింజ గాలికి కొట్టుకుపోతుంది. రెండూ ఇంచుమించు ఒకే సైజు. గాలి ఒక్కటే. తేడా ఎక్కడుందంటే, గాలికి ఎదురైన వైశాల్యంలో ప్రతి భాగం వెనకా ఎంత బరువుందన్న దాంట్లో ఉంది. విమానం కుదుపు రహస్యం సగం ఇక్కడే ఉంది.

విమానం మొత్తం బరువును రెక్కల వైశాల్యంతో భాగిస్తే వచ్చేదాన్ని రెక్క భారం అందాం. పైకి వీచే గాలి రెక్కకు తగిలినప్పుడు రెక్కను గాలి ఒరుసుకునే కోణం కాస్త పెరుగుతుంది. విమానం సెకండుకు 250 మీటర్ల వేగంతో పోతుంటే, సెకండుకు 5 మీటర్ల ఊర్ధ్వగాలి ఆ కోణాన్ని ఒక డిగ్రీ చిల్లర పెంచుతుంది. ఆ మేరకు పైకెత్తే బలం, అంటే లిఫ్టు, హఠాత్తుగా పెరుగుతుంది. అదే మనకు తెలిసే కుదుపు. దాని పరిమాణం గాలి సాంద్రతకూ, విమాన వేగానికీ, ఊర్ధ్వగాలి వేగానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. రెక్క భారానికి విలోమానుపాతంలో ఉంటుంది.

నిండు బరువుతో బయలుదేరేటప్పుడు కొన్ని విమానాల రెక్క భారం, చదరపు మీటరుకు కిలోగ్రాముల్లో, సుమారుగా ఇలా ఉంటుంది:

సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం): 70
ఏటీఆర్ 72: 375
ఎయిర్‌బస్ ఎ320: 635
ఎయిర్‌బస్ ఎ350-900: 635
బోయింగ్ 787-9: 675
ఎయిర్‌బస్ ఎ380: 680
బోయింగ్ 747-400: 755
బోయింగ్ 777-300ఈఆర్: 805

హైదరాబాదు నుంచి చిన్న ఊళ్ళకు తిరిగే పంకాల విమానం ఏటీఆర్. సముద్రాలు దాటే విమానం 777. రెండూ ఒకే ఊర్ధ్వగాలిలోకి, సెకండుకు 5 మీటర్ల దాంట్లోకి, వెళ్ళాయనుకుందాం. ఏటీఆర్ 6 కిలోమీటర్ల ఎత్తున చిక్కటి గాలిలో, సెకండుకు 140 మీటర్ల వేగంతో పోతుంది. 777 పదకొండు కిలోమీటర్లకు కాస్త కింద పలచటి గాలిలో 250 మీటర్ల వేగంతో పోతుంది. సాంద్రతనూ వేగాన్నీ గుణించి చూస్తే రెండింటికీ లబ్ధం దాదాపు ఒకటే వస్తుంది. ఒకటి చిక్కదనం వల్ల పోగొట్టుకున్నది రెండోది వేగం వల్ల పోగొట్టుకుంటోందన్నమాట. ఇక మిగిలింది రెక్క భారం ఒక్కటే. 777 ప్రయాణం మధ్యలో 700 కిలోల రెక్క భారంతో ఉందనుకుంటే కుదుపు గురుత్వ త్వరణంలో 0.19 వంతు. ఏటీఆర్‌లో 0.34 వంతు. అంటే ఇంచుమించు రెట్టింపు. గాలి రెక్కంతటికీ ఒక్కసారిగా తగలదు కాబట్టి నిజంగా తెలిసే కుదుపు రెండింట్లోనూ ఇంతకంటె తక్కువే ఉంటుంది. పోలిక కోసం ఈ లెక్క చాలు.

పట్టికలో ఇంకో విశేషం గమనించారా? ప్రయాణికుల విమానాల్లో అన్నిటికంటె పెద్దదైన ఎ380, 777 కంటె కిందనుంది. 575 టన్నుల బరువైనా దాని రెక్కలు అంతకు తగ్గట్టు విశాలం, 845 చదరపు మీటర్లు. నూటయాభై చిల్లర మంది ఎక్కే ఎ320, మూడువందల మంది ఎక్కే ఎ350 ఒకే అంకె దగ్గరున్నాయి. కాబట్టి "పెద్దది కుదపదు" అన్నమాట పూర్తిగా సరైంది కాదు.

అలాగని పూర్తిగా తప్పూ కాదు. చెరువులో చిన్న అల తాటి దోనెను ఎత్తి కుదేస్తుంది, పెద్ద పడవ కింద నుంచి అదే అల నిశ్శబ్దంగా పోతుంది. ఎందుకంటే పెద్ద పడవకు ఒకేసారి నాలుగైదు అలలు తగులుతాయి, ఒకటి ఎత్తితే ఇంకొకటి దించుతుంది. ఎ380 రెక్కల కొసనుంచి కొసకు దాదాపు 80 మీటర్లు. చిన్న సుడులు ఆ రెక్కలో ఒక మూలనే తాకి పోతాయి. పెద్ద విమానాల్లో సన్నటి అదురు తక్కువగా ఉండడానికి కారణం ఇదే.

రెక్కల వాలు కూడా లెక్కలోకి వస్తుంది. వెనక్కి వాలిన రెక్కకు కోణం మారినప్పుడు లిఫ్టు నెమ్మదిగా పెరుగుతుంది. 747 రెక్కలు ముప్పై ఏడున్నర డిగ్రీలు వెనక్కి వాలి ఉంటాయి. 777, 787 రెక్కలు ముప్పై రెండు డిగ్రీల దగ్గరుంటాయి. ఏటీఆర్ రెక్క దాదాపు తిన్నగా ఉంటుంది. జంబో జెట్టు మెత్తగా పోతుందని పాతవాళ్ళు చెప్పుకోవడానికి బరువు ఒకటే కాదు, ఈ వాలు కూడా కారణం.

ఖాళీ అవుతున్న బండి

వడ్లబస్తాలు నిండుగా ఉన్న ట్రాక్టరు ట్రక్కు డొంకదారిలో ఒద్దికగా పోతుంది. మార్కెట్లో దింపి ఖాళీగా వచ్చేటప్పుడు అదే దారిలో ఎగిరెగిరి పడుతుంది. మరి విమానం కూడా దారి పొడవునా ఖాళీ అవుతూనే ఉంటుంది కదా? 777-300ఈఆర్ ట్యాంకులు నింపితే ఇంధనమే సుమారు 145 టన్నులు. 350 టన్నులతో గల్ఫులో బయలుదేరిన విమానం పదిహేను గంటల తర్వాత అమెరికాలో దిగే వేళకు 240 టన్నుల చుట్టుపక్కలకు వస్తుందనుకుందాం. రెక్క భారం 805 నుంచి 550కి పడిపోయింది. మన సూత్రం ప్రకారం కుదుపు దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి.

కాని అలా జరగదు. బరువు తగ్గేకొద్దీ పైలట్లు విమానాన్ని మెట్టుమెట్టుగా పైకి తీసుకువెళతారు. మొదట 31,000 అడుగుల దగ్గర ఉన్నది చివరకు 39,000 అడుగులకు చేరుతుంది. ఇంధనం ఆదా కోసం చేసే పని ఇది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఈ రెండు ఎత్తుల మధ్య సాంద్రత ఘనపు మీటరుకు 0.44 కిలోల నుంచి 0.32కు తగ్గుతుంది. ఇప్పుడు రెండు మార్పులూ కలిపి లెక్క వేయండి. ఒకటి కుదుపును పెంచుతుంది, రెండోది అంతే తగ్గిస్తుంది. చివరకు చెల్లుకు చెల్లు! నేను కాగితం మీద ఈ లెక్క కట్టి చూసుకున్నప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. బరువు తగ్గిన విమానం మేఘాలను తప్పించుకోవడానికో, దిగడానికో మళ్ళీ చిక్కటి గాలిలోకి వచ్చినప్పుడు మాత్రం ఖాళీ ట్రక్కు గుణం కాస్త బయటపడుతుంది.

కావడి బద్ద

కావడి మోసేవాళ్ళు కొయ్యకర్ర వాడరు, వెదురు బద్ద వాడతారు. నడకతోపాటు బద్ద వంగి లేస్తుంటే బుజానికి అదురు తెలియదు. విమానం రెక్క కూడా ఇదే ధర్మంతో పనిచేస్తుంది. ఊర్ధ్వగాలి తగిలినప్పుడు మొదట రెక్క కొసలు పైకి వంగుతాయి. ఆ వంగడానికి పట్టే సమయంలో దెబ్బ పదును తగ్గి, నడుమనున్న మన గదికి నెమ్మదిగా చేరుతుంది.

ఈ విషయంలో కార్బన్ నారతో చేసిన 787, ఎ350 రెక్కలు పాత అల్యూమినియం రెక్కల కంటె ఎక్కువ వంగుతాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు రెక్క ఊగడం చూసి విరుగుతుందేమోనని భయపడతారు. నిజానికి ఊగకపోతేనే మనకు కష్టం.

విరగదని నమ్మకమేమిటి అంటారా? విమానం తన జీవితకాలంలో ఎదుర్కోగలదనుకున్న అత్యధిక బలాన్ని ముందు లెక్క కడతారు. దానికి ఒకటిన్నర రెట్లు బలం వేసినా రెక్క కనీసం మూడు సెకండ్లు తట్టుకుని నిలవాలని నియమం. 2010 మార్చిలో 787ను నేలమీద బిగించి ఇలా పరీక్షించినప్పుడు రెక్కలు సుమారు 25 అడుగులు పైకి వంగి నిలిచాయి. 1995 జనవరిలో 777ను విరిగేదాకా వంచితే 154 శాతం దగ్గర విరిగింది. 2006 ఫిబ్రవరిలో ఎ380 రెక్క మాత్రం 145 శాతం దాటాక, 150కి ముందే విరిగింది. తయారీదారులు రెక్కను బలపరచవలసి వచ్చింది. పరీక్షంటే ఇలా ఉండాలి, మన ప్రాక్టికల్సులాగా ముందే జవాబు తెలిసి ఉండకూడదు.

పొడవాటి విమానంలో ఇంకో సంగతి. విమానం తన గురుత్వకేంద్రం చుట్టూ ఊగుతుంది. అది రెక్కల దగ్గరుంటుంది. బండి ఇరుసు మీద కూర్చున్నవాడికీ, వెనక చివర కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నవాడికీ ఎంత తేడానో రెక్కల దగ్గర సీటుకూ తోక దగ్గర సీటుకూ అంత తేడా ఉంటుంది. అంటే ఒకే విమానంలో సీటు మారితే కుదుపు మారుతుంది.

కుదుపుకు ఎదురు కుదుపు

బరువు, వాలు, వంగే గుణం మౌనంగా పనిచేసేవి. కొన్ని విమానాలు తెలివితో కూడా ఎదుర్కొంటాయి. 1980 ప్రాంతంలోనే లాక్‌హీడ్ ట్రైస్టార్ 500 అనే విమానంలో ఒక ఏర్పాటు వచ్చింది. కుదుపును త్వరణమాపకాలు పసిగట్టగానే రెండు రెక్కల కొసల్లోని ఏలరాన్ పలకలు ఒకేసారి పైకి లేచి, కొసల దగ్గర లిఫ్టును తగ్గిస్తాయి. రెక్క మీద భారం అంత మేరకు తేలికవుతుంది.

నేటి 787, ఎ350, ఎ380ల్లో ఈ పద్ధతి బాగా పెరిగింది. విమానంలోని పరికరాలు గాలి ఒత్తిడిలో, కదలికలో వచ్చిన మార్పును కంప్యూటరుకు చేరవేస్తాయి. కంప్యూటరు రెక్కమీది పలకలను కదిలించి, పెరిగిన లిఫ్టును వెంటనే కొంత చల్లారుస్తుంది. ముక్కు దగ్గర గాలి మార్పు తెలిసిన క్షణం నుంచి అది రెక్కను తాకే క్షణం వరకు ఎంత వ్యవధి ఉంటుందో చూడండి. దూరం ఇంచుమించు 27 మీటర్లు, వేగం సెకండుకు 250 మీటర్లు. అంటే సెకండులో పదోవంతు చిల్లర! మనిషి రెప్ప వేసేలోపల పని అయిపోవాలి. పైలటు చేతితో అయ్యే పని కాదిది.

ఐతే ఈ ఏర్పాటు ఎంత బాగా ఉన్నా, దాని శక్తికి ఒక హద్దుంది. పలకలు చిన్న, మధ్యరకం కుదుపులను చదును చేస్తాయి. సెకండుకు పది పదిహేను మీటర్ల ఊర్ధ్వగాలి వచ్చి గుద్దితే పూర్తిగా చల్లార్చడం వాటివల్ల కాదు.

పైలటు చేసే పని వేరు. కుదుపు వేగానికి అనులోమానుపాతం అన్నాం కదా. అందుకని గతుకుల్లోకి వెళ్ళేముందు ప్రతి విమానానికీ నిర్ణయించిన వేగానికి తగ్గుతారు. మరీ తగ్గితే లిఫ్టు చాలక స్టాల్ అయ్యే ప్రమాదముంది, అంచేత దానికీ అడుగు హద్దుంది. మేఘాలను రాడారులో చూసి తప్పిస్తారు. కాని రాడారు చూసేది గాలిలోని వాన చినుకులను. పొడి గాలిలో లేచిన నిర్మలాకాశపు టర్బులెన్సు అందులో కనపడదు. ముందు పోయిన విమానాలు రేడియోలో చెప్పే కబురే దానికి ఆధారం. ముందు పోయిన బండివాడు "ఆ మలుపులో గొయ్యుంది, చూసుకో" అని వెనకవాడికి చెప్పినట్టే.

ఐనా మనుషులకు దెబ్బలెందుకు?

ఇంతవరకు చదివాక నేను అమ్మకు ఒక విమానం పేరు చెప్పడానికి సిద్ధపడ్డాను. ఆ తర్వాతనే కుదుపుల వల్ల మనుషులు గాయపడ్డ సంఘటనలు ఒక్కొక్కటీ చూశాను. చూశాక పేరు చెప్పే ఆలోచన మానుకున్నాను.

1997 డిసెంబరు 28న టోక్యో నుంచి హొనొలులు వెళుతున్న యునైటెడ్ విమానంలో ఒక ప్రయాణికురాలు మరణించింది. అది 747. 2022 డిసెంబరు 18న ఫీనిక్స్ నుంచి హొనొలులు వెళుతున్న హవాయియన్ విమానంలో పాతికమందికి పైగా గాయపడ్డారు. అది ఎయిర్‌బస్ ఎ330. 2023 మేలో ఢిల్లీ నుంచి సిడ్నీ వెళుతున్న ఎయిరిండియా విమానంలో కొందరికి దెబ్బలు తగిలాయి. 2024 మే 26న దోహా నుంచి డబ్లిన్ వెళుతున్న ఖతార్ విమానంలో 12 మందికి తగిలాయి. ఈ రెండూ కుదుపును చల్లార్చే ఏర్పాటున్న 787లే. ఇక 2024 మే 21న లండను నుంచి సింగపూరు వెళుతున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మియన్మార్ మీద 37,000 అడుగుల ఎత్తులో కుదుపుకు లోనైంది. ఒకరు మరణించారు, ఎంతోమంది గాయపడ్డారు. అది మన పట్టికలో అన్నిటికంటె ఎక్కువ రెక్క భారమున్న 777-300ఈఆర్!

ఆ చివరి సంఘటనలో విమానపు యంత్రం నమోదు చేసిన అంకెలను దర్యాప్తు అధికారులు ప్రకటించారు. భౌతికశాస్త్రం విద్యార్థులు వాటిని తప్పక చూడాలి. మామూలుగా మన బరువు ఒక జి. ఆ విమానంలో అది 0.6 సెకండ్లలో 1.35 నుంచి మైనస్ 1.5కు పడిపోయింది. తర్వాత 4 సెకండ్లలోపల మళ్ళీ ప్లస్ 1.5కు లేచింది. ఇంతలో విమానం కోల్పోయిన ఎత్తు 178 అడుగులు మాత్రమే. వేల అడుగులు పడిపోయిందన్న కబుర్లకూ దీనికీ ఎంత తేడానో చూడండి.

మైనస్ 1.5 జి అంటే ఏమిటి? విమానం రెండున్నర జి త్వరణంతో కిందికి పోతోందన్నమాట. బెల్టు లేని మనిషిని కిందికి లాగేది భూమి ఒక్కటే, ఒక జి త్వరణంతో. కాబట్టి మనిషి పైకి ఎగరడు. విమానం పైకప్పే ఒకటిన్నర జి త్వరణంతో దిగివచ్చి తలకు తగులుతుంది. తలకూ పైనున్న సామాన్ల అరకూ మధ్య 80 సెంటీమీటర్లు ఉందనుకుని లెక్క కడితే, పట్టే సమయం సెకండులో మూడోవంతు. చెయ్యి అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా లేదు. వెంటనే ప్లస్ 1.5 జి వస్తుంది. అప్పుడు అంత ఎత్తునుంచి సీటు చేతుల మీదో, నేలమీదో పడతాడు. వెన్నెముకలు విరిగేది అప్పుడే.

ఆ విమానంలో బెల్టు పెట్టుకోమనే దీపం వెలిగించినట్టు పైలటు పలికిన మాట కూడా నమోదయింది. అప్పటినుంచి ఆ పెద్ద కుదుపు వరకు గడిచింది 8 సెకండ్లు. నిద్రపోతున్న మనిషి మేలుకుని, బెల్టు రెండు కొసలు వెతుక్కుని, తగిలించుకోవడానికి 8 సెకండ్లు చాలుతాయా?

అమెరికాలో 2009 నుంచి 2018 వరకు పెద్ద విమాన సంస్థలకు జరిగిన ప్రమాదాల్లో మూడోవంతుకు పైగా గాలి కుదుపులవేనని అక్కడి రవాణా భద్రతా మండలి తేల్చింది. వాటిలో చాలావాటిలో మనుషులకు దెబ్బలు తగిలాయి గాని విమానానికి ఏమీ కాలేదు. విమానం తట్టుకుంటోంది. లోపల విడిగా ఉన్న మనిషి తట్టుకోలేకపోతున్నాడు. ఎక్కువగా గాయపడేది సిబ్బంది, వాళ్ళు నిలబడి పనిచేస్తారు కాబట్టి.

రేపటి సంగతి కూడా చూడాలి. ఉత్తర అట్లాంటిక్ మీద ఒకానొక బిందువు దగ్గర తీవ్రమైన నిర్మలాకాశపు టర్బులెన్సు 1979లో ఏడాదికి 17.7 గంటలుంటే 2020 నాటికి 27.4 గంటలైందని ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రకటించారు. 55 శాతం పెరుగుదల. భూతాపం వల్ల జెట్ స్ట్రీంలో పొరల మధ్య వేగపు తేడా పెరగడమే దీనికి కారణమంటున్నారు.

మనవాళ్ళకు చెప్పవలసింది

కాబట్టి ఏ విమానం మెత్తగా పోతుందన్న ప్రశ్నకు జవాబుంది. రెక్క భారం ఎక్కువై, రెక్క వాలి, వంగి, కుదుపును చల్లార్చే ఏర్పాటున్న పెద్ద విమానం మెత్తగానే పోతుంది. వాంతులు, తల తిప్పుడు ఉన్నవాళ్ళు దాన్నే ఎంచుకోవచ్చు. ప్రాణరక్షణ మాత్రం విమానం పేరులో లేదు, రెండు జానల బెల్టులో ఉంది.

ఇది చదువుకున్నవాళ్ళకు తెలియని విషయం కాదు. మన పెద్దవాళ్ళ సంగతి వేరు. విమానంలో మైకులో చెప్పేది ఇంగ్లీషులో, అరబ్బీలో, మహా ఐతే హిందీలో ఉంటుంది. ఈ మూడూ రాని తల్లి ఆ 8 సెకండ్లలో ఏం చేస్తుంది? ఇంట్లో అరుగుమీద కూర్చున్నట్టు కాళ్ళు పైకి ముడుచుకుని, బెల్టు పక్కకు తోసి కూర్చుంటుంది. అందుకని చెప్పవలసింది విమానంలో కాదు, ఇంటి దగ్గరే, మన భాషలో, ముందుగానే.

మా అమ్మకు నేను చెప్పినవి ఇవి. దీపం వెలిగినా వెలగకపోయినా, కూర్చున్నంతసేపూ బెల్టు ఉండాలి. అది పొట్టమీద కాకుండా, కింద తుంటి ఎముకల మీద బిగువుగా ఉండాలి. పడుకునేటప్పుడు దుప్పటి కప్పుకుని దానిపైన బెల్టు పెట్టుకోవాలి, అప్పుడు సిబ్బందికి కనపడి నిద్ర లేపరు. "టింగు"మని మోగి బెల్టు బొమ్మ వెలిగితే ఎక్కడికీ లేవకూడదు. నడవలో ఉండగా కుదిపితే దగ్గరున్న ఖాళీ సీట్లో కూలబడాలి, అదీ లేకపోతే కిందనే కూర్చుని సీటు కాలు పట్టుకోవాలి. బరువైన సామాను తలపైన అరలో పెట్టకుండా ముందు సీటు కింద పెట్టాలి. సీటు దొరికితే రెక్కల దగ్గర అడగాలి. వంటింటి కుర్చీకి నాన్న తుండుగుడ్డ కట్టి నాలుగుసార్లు సాధన కూడా చేయించాను. నవ్వింది గాని నేర్చుకుంది.

మిత్రులారా, ఈ వేసవిలో మీ ఊళ్ళనుంచి కూడా ఎవరో ఒకరు బయలుదేరుతారు. టిక్కెట్టు ఎంతకు దొరికింది, బరువు ఎన్ని కిలోలు ఒప్పుకుంటారు అని అందరూ అడుగుతారు. మీరు పది నిమిషాలు కూర్చోబెట్టి ఈ నాలుగు మాటలూ చెప్పండి. అడిగితే తాలు గింజ, గట్టి గింజ పోలిక కూడా చెప్పండి, మన రైతులకు అది మన ప్రొఫెసర్ల కంటె త్వరగా అర్థమవుతుంది. మనం చదువుతున్న సైన్సు పరీక్ష కాగితం దాటి ఒక్క మనిషి నడుముకు బెల్టు తగిలించగలిగినా ఈ మూడేళ్ళ చదువు వృథా పోలేదని నా నమ్మకం.